ప్రశ్నల గదికి దారి

మా ఇంట్లో మాటలన్నీ నావే. పెళ్లయిన కొత్తలోనూ అంతే, ఇప్పుడైతే మరీనూ. నేను చెప్పబోయే రోజులకి మా ఆయన గొంతు తీసేసి రెండేళ్లయింది. తీసేయడమంటే నిజంగా తీసేయడమే. లోపల గడ్డ ఉందని స్వరపేటిక మొత్తం తొలగించారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. మెలకువ వచ్చాక కాగితం అడిగి తీసుకుని ఆయన మొదట రాసింది ఇది: "ముప్పై ఏళ్లు అందర్నీ 'ష్' అన్నాను. ఇప్పుడు నా వంతు." ఆయన కాలేజీ లైబ్రేరియన్ మరి. నర్సు పకపకా నవ్వింది, మా అమ్మాయీ నవ్వింది. నేను బయటికెళ్లి మెట్ల మీద కూర్చుని భోరున ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికొచ్చాను.

నేను చెప్పాలనుకుంటున్నది ఆ సంగతి కాదు. ఆ తర్వాత వచ్చిన ఒక ఎండాకాలం గురించి. ఆ మూడు నెలల్లో నేనొక వెబ్‌సైట్‌కి మెనూ కట్టాను, పేజీలు అమర్చాను. నా ఇరవై ఏళ్ల పనిలో అంత శుభ్రంగా కుదిరింది ఇంకొకటి లేదు. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇప్పటికీ ఎవరైనా ఎత్తితే మాట మార్చేస్తాను.

చిన్న చిన్న లైబ్రరీల కోసం ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉంది, ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తెస్తారు, అన్నీ చూసిపెడుతుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాన్ని తయారుచేసేవాళ్లూ వాడేవాళ్లూ కలిసి ఒక సంఘంగా ఉంటారు. ఆ సంఘం వెబ్‌సైట్‌లో 'ప్రశ్నల గది' అని ఒక పేజీ ఉండేది. ఏ ఊరి లైబ్రేరియనో వచ్చి, అయ్యా నా పుస్తకాల జాబితా కనబడకుండా పోయింది, ఏం చెయ్యను అని రాస్తే, దాని కింద జవాబు వచ్చేది. పదకొండేళ్లుగా ఆ జవాబుల్లో ముప్పాతిక వంతు మా ఆయన రాసినవే. అక్కడ అందరూ ఆయన్ని మాస్టారూ అంటారు.

ఆపరేషన్ తర్వాత ఆ గదే ఆయనకి లోకమైపోయింది. ఉద్యోగం మానేశారు. ఫోనెత్తేది లేదు. చుట్టాలొస్తే పలకరింపుగా చెయ్యి ఊపి లోపలికెళ్లిపోయేవారు. పొద్దున్నే ఆరుంపావుకల్లా కాఫీ గ్లాసు పట్టుకుని ఆ పాత చదరపు మానిటర్ ముందు కూర్చునేవారు. రెండు వేళ్లతోనే టైపు చేస్తారు. మధ్యలో భుజాలు కదిలేవి. అంటే నవ్వుతున్నారన్నమాట. నాకు మాత్రం కాగితం మీద "పప్పులో ఉప్పు లేదు" అని నాలుగు ముక్కలు, ముక్కూమొహం తెలీనివాళ్లకి మూడు మూడు పేరాలు! కుళ్లు పుట్టదూ? ఒకసారి అడిగేశాను కూడా. "నీకు చెప్పడానికి నా దగ్గర కొత్తవేం లేవు. వాళ్లకి అన్నీ కొత్తే" అని రాశారు.

ఆయనకి గొంతు లేదని అక్కడెవరికీ తెలీదు. "చెప్పకు" అని నాకు రాసి, కింద రెండు గీతలు గీశారు. చెప్పలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో సంఘం కార్యదర్శి ఫోన్ చేసింది. వేరే ఊళ్లో ఉంటుంది, ప్రోగ్రాములు రాసే పిల్ల, ముప్పై దాటాయో లేదో. బస్సు వెళ్లిపోతున్నట్టు మాట్లాడుతుంది.

"అక్కా, మాస్టారు చెప్పారు, మీరు వెబ్‌సైట్లకి ప్లానింగ్ చేస్తారట కదా. మాది చూశారా? అడవక్కా అది, అడవి! నలభయ్యొక్క పేజీలున్నాయి. కొత్తవాళ్లు వస్తున్నారు, అటూ ఇటూ చూస్తున్నారు, నిమిషం తిరక్కుండా పారిపోతున్నారు. సగం లైబ్రరీలు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారిపోతున్నాయి. ఇలాగే ఉంటే రెండేళ్లలో మన దుకాణం కట్టెయ్యాల్సిందే. మీరే దిక్కు."

నన్ను సిఫారసు చేసింది ఆయనే. వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీలో కూర్చుని ముసిముసిగా నవ్వుతున్నారు. "నన్నొక్క మాట అడక్కుండానే చెప్పేశారా?" అని విసుక్కున్నాను గానీ లోలోపల పొంగిపోయాను. ఆయన కాగితం తీసి రాశారు: "నలభయ్యొకటి ఎక్కువే. నేనైతే పన్నెండుకి తెస్తాను. నువ్వెంతకి తెస్తావో చూద్దాం."

నా పని పద్ధతి సులువైనదే. సైట్‌లో ఉన్న పేజీల పేర్లన్నీ ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాస్తాను. ఆ సైట్ వాడే మనుషుల దగ్గరికెళ్లి, చీటీలు ముందు పోసి, ఏది దేనితో చేరుతుందనిపిస్తే అలా పోగులు పెట్టమంటాను. ఎక్కడా ఇమడదనిపించిన చీటీని పక్కన పెట్టొచ్చు. సగం మందికి పైగా పక్కన పెట్టిన చీటీ మెనూలోకి రాదు. అది నా రూలు, ఎంత పెద్దవాళ్లు వచ్చి బతిమాలినా తప్పలేదు. ఒక కంపెనీ యజమాని ఫోటో ఉన్న పేజీనే తీసి అవతల పారేయించిన దాన్ని నేను.

బిస్కెట్ డబ్బాలో చీటీలు వేసుకుని మా ఊళ్లోని లైబ్రరీలన్నీ తిరిగాను. ఎండకి మాడు పగిలిపోయింది. రెండు వారాల్లో పదహారుమంది లైబ్రేరియన్లు దొరికారు. వాళ్లెవరికీ నేను మాస్టారి భార్యనని చెప్పలేదు.

అందులో ఒక స్కూలు లైబ్రేరియన్ బాగా గుర్తు. కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని చీటీలన్నీ టపటపా సర్దేసింది. ప్రశ్నల గది చీటీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇదెక్కడ పెట్టమంటారండీ?"

"మీకెక్కడ అనిపిస్తే అక్కడ."

"నాకెక్కడా అనిపించట్లేదు. ప్రశ్న రాసి రేపటిదాకా జవాబు కోసం కూర్చుంటే ఈలోపు పిల్లలు నన్ను పీక్కుతినరూ? సంఘం చాట్ గ్రూపులో అడిగితే అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు చెప్పేస్తారు."

నేను నోరు జారాను. "అక్కడ ఒక మాస్టారున్నారట కదా, బాగా చెప్తారట." పరీక్ష పెట్టేవాళ్లు అలా ఒక్క మాట కూడా ఉప్పందించకూడదు.

"అయ్యో, ఉన్నారు. దేవుడులాంటి మనిషి. కానీ ప్రింటర్ పనిచెయ్యట్లేదండీ అంటే, అచ్చుయంత్రం పుట్టిన దగ్గర్నుంచి మొదలెడతారు!"

నాకూ నవ్వాగలేదు. ఉన్నమాటే మరి. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆవిడ ఆ చీటీని పక్కన పెట్టింది.

పదహారుమందిలో పద్నాలుగుమంది పక్కన పెట్టారు. లెక్క రాసుకున్న కాగితాన్ని ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద దినపత్రిక కింద దాచాను. ఏదో దొంగసొత్తు తెచ్చినట్టు ఎందుకు దాచానో నాకే తెలీదు.

కార్యదర్శికి మాత్రం ఫోన్‌లో చెప్పాను. ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

"నేననుకుంటూనే ఉన్నానక్కా! ఆ గది మూసేద్దాం. పాత జవాబులన్నీ చిన్న చిన్న గైడ్లుగా మార్చేస్తే, ఎవరికి కావాల్సింది వాళ్లు చదువుకుంటారు. మాస్టారికి కూడా ఆ చాకిరీ తప్పుతుంది. ఆయన్ని మనం శనివారం శనివారం ఆన్‌లైన్‌లో పెట్టుకునే సభకి రమ్మనండి. అందరం వాయిస్‌లో మాట్లాడుకుంటున్నాం కదా. ఆయన అరగంట మాట్లాడితే చాలు, జనం ఎగబడతారు. ఇన్నేళ్లలో ఆయన గొంతు మేమెవరమూ వినలేదు తెలుసా?"

చెప్పేస్తే పోయేది. ఒక్క మాట. కానీ ఆ రెండు గీతలు కళ్లముందు కదిలాయి. "ఆయనకి అలా నలుగురిలో మాట్లాడటం అలవాటు లేదమ్మా" అని నీళ్లు నమిలాను.

"మీరు చెప్తే ఎందుకు వినరు! మొగుళ్లని మాట్లాడించడం మన చేతిలో పని" అని నవ్వేసి ఫోన్ పెట్టేసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను బల్ల మీద చీటీలు పరుచుకుని కూర్చుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. కాగితం నా వైపు తోశారు. "నన్నూ పరీక్ష చెయ్యి."

"కుదరదు. ఇంట్లోవాళ్లతో చెయ్యకూడదు. మనం ఏం వినాలనుకుంటామో అదే చెప్తారు."

"నేను ఇంట్లోవాణ్ణి కాదు. లైబ్రేరియన్‌ని."

"మీరసలు ఆ సైట్‌లోనే కాపురముంటున్నారు. మీకన్నీ కంఠతా వచ్చు. పరీక్షకి పనికిరారు."

ఆయన నా మాట వినకుండా చీటీలన్నీ తన వైపు లాక్కున్నారు. పుస్తకాలు సర్దిన చేతులవి. తడుముకోలేదు. ఒక్కో చీటీ తీసి, కింద వేలు పెట్టి చదివి, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేస్తున్నారు. ఎత్తినదాన్ని మళ్లీ ఎత్తలేదు. పది నిమిషాల్లో ఆరు పోగులు తేలాయి. నేను రెండు వారాలు ఎండన పడి తిరిగి తేల్చుకున్నవీ సరిగ్గా ఆ ఆరే. నాకు ఒళ్లు మండింది, ముచ్చటా వేసింది.

చేతిలో ఒక్క చీటీ మిగిలింది. అదేదో చెప్పక్కర్లేదు. ఆయన దాన్ని కూడా వేలు పెట్టి చదివారు. చదివి, పోగులన్నిటికీ దూరంగా, బల్ల అంచున పెట్టారు. జారిపోకుండా దాని మీద ఉప్పు సీసా పెట్టారు.

అందర్నీ అడిగే ప్రశ్న ఆయన్నీ అడిగాను. అడగడం నా పని కాబట్టి. "అక్కడెందుకు పెట్టారు?"

"వచ్చే పాఠకుడికి ఏం కావాలో చూడాలి. కూర్చున్న లైబ్రేరియన్‌కి ఏం కావాలో కాదు."

నాకు ప్రాణం కుదుటపడింది. అబద్ధం ఎందుకాడాలి, నిజంగానే తేలికపడ్డాను. ఆయనే ఒప్పుకున్నారు, ఇక నా తప్పేముందని. దినపత్రిక కిందనుంచి కాగితం బయటికి తీసి, పద్నాలుగు కొట్టేసి పదిహేను అని రాశాను. ఆయన ముందే.

సాయంత్రం వంటింట్లో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. దానికి ఇరవై నిండాయి, కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడటం నా దగ్గర్నుంచే నేర్చుకుంది.

"అమ్మా, నాన్న ఆ కాగితం ముందే చూశారు. పొద్దున నువ్వు కూరలకెళ్లినప్పుడు పేపరు కోసం ఎత్తితే కింద కనబడింది. చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు."

"చూస్తే ఏమైందే? ఆయనకి తెలీని పనా ఇది? సరైనది కాబట్టే అక్కడ పెట్టారు."

"నువ్వు ఇబ్బంది పడతావని పెట్టారు."

"నోర్ముయ్. పెద్ద తెలిసినదానివి బయల్దేరావు" అని కసిరేశాను. అది గదిలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి భోజనానికి రాలేదు.

తర్వాత మూడు వారాలు నేను చేసిన పని ఇది. ఆయన పదకొండేళ్ల జవాబులు ముందు పెట్టుకుని కోశాను. ఎవరికో కొత్తగా బడిలో లైబ్రరీ పెట్టారట, దానికి అభినందన చెప్పిన పేరా కోసేశాను. ఇంకెవరికో చెదలు పట్టిన పుస్తకాల గురించి ఊరట చెప్పారు, అదీ కోసేశాను. తన చిన్నతనంలో అట్టలేని నిఘంటువు ఒకటి దొరికిన కథ, వేసవి సెలవుల్లో పుస్తకం దాచుకున్న పిల్లవాడి కథ, అన్నీ తీసేశాను. మిగిలినవాటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాను. ఎంత ముద్దుగా వచ్చాయో! ఒక్కో జవాబూ తెరకి సరిపోయే ఆరు లైన్లు. రాసినవారి పేరు ఉండదు, గైడ్లకి పేర్లు పెట్టం. అన్నిటికన్నా ఘోరం, తప్పులేమైనా దొర్లాయేమో చూడమని వాటిని ఆయన చేతికే ఇచ్చాను. కూర్చుని శ్రద్ధగా చూశారు. రెండు తప్పులు పట్టారు. చివరి పేజీ కింద "చాలా బాగుంది. ఇక ఎవరూ ఏమీ అడగక్కర్లేదు" అని రాసి ఇచ్చారు. దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను!

తొలి వానలతో పాటే కొత్త సైట్ మొదలైంది. మెనూలో ఆరే ఆరు మాటలు. వారం తిరక్కుండా వచ్చేవాళ్లు రెండింతలయ్యారు. ఏదో ఊరినుంచి లైబ్రేరియన్లు పూలగుత్తి బొమ్మలు పంపారు. ఆయన కూడా చాట్‌లోకి వెళ్లి చూశారు. ఎవరో ప్రశ్న అడుగుతారు. ఆయన రెండు వేళ్లతో మొదటి వాక్యం కొట్టేలోపు ముగ్గురు జవాబిచ్చేసి, నాలుగోవాళ్లు జోకేసి, ఇంకో సంగతిలోకి వెళ్లిపోయేవారు. నాలుగు రోజులు చూసి మానేశారు. శనివారం సభ గురించి నేను ఎత్తలేదు, ఆయన అడగలేదు.

నెల గడిచాక వీడియోలో సమీక్ష పెట్టారు. పన్నెండుమంది తెర మీద. నేను లోపలి గదిలో తలుపేసుకుని కూర్చుని నివేదిక చెబుతున్నాను. సైట్‌కి వచ్చినవాళ్లు ఎవరన్నది మాకు తెలీదు గానీ, వాళ్ల మౌస్ బాణం తెర మీద ఎటెటు కదిలిందో రికార్డవుతుంది. ఎక్కడ తడబడుతున్నారో చూసి సరిచెయ్యడానికి అది. అన్నీ బాగున్నాయని చెబితే డాబుగా ఉంటుందని, ఒక్క లోపమైనా చూపిద్దామని, ఒక రికార్డింగ్ ఏరి పెట్టుకున్నాను.

"ఈయనెవరో చూడండి" అన్నాను. "నెల రోజులుగా రోజూ వస్తున్నారు. మెనూలో ఆరూ ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తారు. మూసేస్తారు. అడుగుదాకా వెళ్తారు. పైకొస్తారు. మళ్లీ మొదలు. ఏదీ చదవరు, ఏదీ తీసుకోరు. ఇరవై నిమిషాలు తిరిగి వెళ్లిపోతారు."

తెర మీద బాణం మెనూ చుట్టూ తిరుగుతోంది. ఎవరో, "పాపం, ఇల్లు మర్చిపోయినట్టున్నాడు!" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. కార్యదర్శి, "అక్కా, ఆయనకి వేలు పట్టుకుని దారి చూపించే బటన్ ఒకటి పెట్టండి" అంది. నేనూ నవ్వాను. నా నవ్వే అందరికంటే గట్టిగా వినిపించి ఉంటుంది, నా గొంతు అలాంటిది.

"ఇంకోసారి వెయ్యండక్కా" అన్నారెవరో. వేశాను.

అప్పుడు చూశాను. బాణం ఊరికే తిరగడం లేదు. ప్రతి మాట కింద ఎడమనుంచి కుడికి నెమ్మదిగా జరిగి, మాట చివర ఒక్క క్షణం ఆగుతోంది. వేలు పెట్టి చదివినట్టు. మూల చూస్తే టైము ఆరుంపావు. రికార్డింగ్‌లో నమోదైన తెర కొలత చూశాను. చదరపుది. ఇంత పెద్ద లోకంలో అలాంటి పాత మానిటర్ ఇంకా ఎవరి దగ్గరుంటుంది?

తర్వాత నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. ఇంటర్నెట్ పోయిందని చెప్పి కట్ చేశాను. తలుపు తీస్తే ఆయన హాల్లో పేపరు చదువుకుంటున్నారు. నా మొహం చూసి, ఏమైంది అన్నట్టు చెయ్యి తిప్పారు. "ఏం లేదు, మీటింగ్ అయిపోయింది" అన్నాను. బొటనవేలు పైకెత్తి చూపించారు.

మర్నాడు పొద్దున ఆరుంపావుకి నేను ఆయన వెనక గుమ్మంలో నిలబడ్డాను. రికార్డింగ్‌లో చూసిందే, ఈసారి మనిషితో సహా. ఆరు మాటలూ తెరిచారు. అడుగుదాకా వెళ్లారు. పైకొచ్చారు. వెతికే పెట్టెలో 'ప్రశ్నల గది' అని రెండు వేళ్లతో, ఒక్కో అక్షరమే కొట్టారు. వెంటనే తెర మీద వచ్చింది: "ఈ పేరుతో పేజీ లేదు. మీకు కావలసినది గైడ్లలో దొరుకుతుంది." ఆ వాక్యం నేను రాసిందే. ఎంత మర్యాదగా ఉందని కార్యదర్శి మెచ్చుకుంది కూడా.

ఆయనకి నా అలికిడి తగిలింది. తిరిగి చూశారు. దొంగతనం చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్లాడి మొహం పెట్టారు. కాగితం తీసి ఒక్క ముక్క రాశారు: "అలవాటు."

నేనక్కడే నేల మీద చతికిలబడి, ఆయన మోకాళ్లకి మొహం ఆనించి ఏడ్చాను. "ఎందుకు చెప్పలేదండీ? ఒక్క మాట చెప్తే నేను మెనూ మొత్తం తగలెట్టేసేదాన్ని కదా! నన్నెందుకు ఇలా చేశారు?" చేసింది నేను, అడుగుతోంది ఆయన్ని. ఆయన నా తల నిమిరారు.

పది గంటలకి కార్యదర్శికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. గొంతు సంగతి కూడా. రెండు గీతలూ దాటేశాను. "నేను ఆయన్ని వాయిస్‌కి రమ్మన్నానక్కా" అంది ఆ పిల్ల, ఏడుపు గొంతుతో. గంటలో ప్రశ్నల గది తిరిగి తెరిచింది. మెనూలో ఉన్న ఆరు మాటలకి దీన్నీ చేర్చి, అన్నిటికంటే ముందు పెట్టింది. నా రూలు నేనే తుంగలో తొక్కాను.

ఆయన చూశారు. కళ్లు మెరిశాయి. ఆ పూట రెండు కాఫీలు తాగారు.

కానీ గది తెరిస్తే సరా? అడిగేవాళ్లు రావద్దూ? అందరికీ గైడ్లు దొరికాయి, చాట్ అలవాటైంది. రోజూ ఆరుంపావుకి వెళ్లి ఆయన ఆ ఖాళీ పేజీ ముందు కూర్చునేవారు. ఒక రోజు, రెండు రోజులు, పదకొండు రోజులు. బయట వాన. లోపల ఆయన, కదలని తెర. ఇంతకన్నా మూసి ఉంచడమే నయమేమో అనిపించింది. నేను పని బాగా చేశాను, అందుకే ఎవరూ రావట్లేదు.

పన్నెండో రోజు నేనొక పాపం చేశాను. లోపలి గదిలో కూర్చుని, 'కొత్త లైబ్రేరియన్' అని ఒక పేరు పెట్టుకుని, ప్రశ్న రాశాను. ఏమడగాలో తెలీక, కోసినప్పుడు చూసిన పాత ప్రశ్న ఒకటి మాటలు మార్చి పెట్టాను: "నమస్కారమండీ. లేబుళ్లు ముద్రిస్తుంటే చివరి వరుస తెగిపోతోంది. చాలా ఇబ్బందిగా ఉంది. దయచేసి సాయం చెయ్యండి."

హాల్లో కుర్చీ ముందుకి జరిగిన చప్పుడైంది. తర్వాత టక్కు టక్కుమని కీబోర్డు. నేను తలుపుకి చెవి ఆనించి విన్నాను. ముప్పావుగంట కొట్టారు. ఆపి, మళ్లీ కొట్టారు. నా ఆనందం చెప్పలేను. వంటింట్లోకెళ్లి ఏవో గిన్నెలు తోమాను, తోమినవే మళ్లీ తోమాను. చప్పుడు ఆగాక వచ్చి జవాబు తెరిచాను. నిండుగా మూడు పేరాలు.

మొదటి పేరాలో కాగితం కొలత ఎలా మార్చాలో, పై అంచు ఎంత తగ్గించాలో ఓపికగా చెప్పారు. రెండో పేరాలో, తాను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు లేబుళ్లన్నీ వంకరగా వస్తే ఆరువందల పుస్తకాలకి చేత్తో రాసి అంటించిన కథ చెప్పారు. ఆ కథ నాకు తెలీదు. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు.

మూడో పేరా ఇది:

"అమ్మా, మీరు చెప్పిన తప్పు ఇప్పుడు ఎవరికీ రాదు. రెండేళ్ల కిందటే సరిచేశారు. సరిచెయ్యమని నేనే రాశాను, ఆస్పత్రి మంచం మీదనుంచి. అయినా జవాబిచ్చాను. అడిగినవాళ్లని ఊరికే పంపడం నాకు చేతకాదు. మీరు నా కోసం శ్రమపడి అడిగారని తెలుసు. ఇక అడగకండి. మీకు బోలెడు పనులుంటాయి."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

హాల్లోకి వెళ్లేసరికి కంప్యూటర్ కట్టేసి ఉంది. ఆయన కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తున్నారు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని అన్నం తిన్నాం. కూర బాగుందని రాశారు. అమ్మాయి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, చెయ్యి కడుక్కుంది.

మర్నాటినుంచి ఆయన ఎనిమిదింటిదాకా లేవడం లేదు. కాఫీ పక్క మీదకే తీసుకెళ్తాను. కాగితాలు కూడా ఎప్పుడో గానీ అడగరు, కావాల్సింది చేత్తో చూపిస్తారు. ఆపరేషన్‌లో డాక్టర్లు తీసింది ఒక్క స్వరపేటికే. మా ఆయన్ని మూగవాణ్ణి చేసింది నేను.

ఆ పేజీ ఇంకా ఉంది. ఆ జవాబు కింద, దాన్ని చదివినవాళ్లు కృతజ్ఞత చెప్పుకోవడానికి ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఆరుంపావుకి నాకు మెలకువ వచ్చేస్తుంది. ఆయన నిద్రపోతుంటే వెళ్లి ఆ పెట్టె తెరుస్తాను. ఆ కొత్త లైబ్రేరియన్ పేరుతో రాస్తే అబద్ధం, నా పేరుతో రాయడానికి మొహం చెల్లదు. కాసేపు కూర్చుని మూసేసి, కాఫీ పెట్టడానికి వెళ్తాను.